తలమీద మన అక్షరం

రాయచూరు, సిందనూరు బజార్లలో పెళ్లి జాకెట్లకు పూలు కుట్టే కంప్యూటర్ మిషన్లు టోపీలకు పేర్లూ కుడుతున్నాయి. ఆ పేరు తెలుగులో కావాలని అడిగితే ఏమవుతుంది?

రాయచూరు ఎండ సంగతి ఆ ఊరివాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఏప్రిల్ వచ్చిందంటే 40 డిగ్రీలు దాటుతుంది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నేలమీద తల కప్పుకోవడం సోకు కాదు, అవసరం. పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ తెల్లటోపీ పెడతారు, లేదా రుమాలు చుడతారు. పొలంలో వంగినవాళ్లు తువ్వాలు బిగిస్తారు. లింగసూగూరు, దేవదుర్గ వైపు తాండాల్లో లంబాడీ అవ్వల తలమీది ఓఢ్ని అద్దాలతో తళుక్కుమంటుంది. కుర్రాళ్లకైతే క్యాపు.

ఆ క్యాపు మీద ఏం రాసి ఉంటుందో ఒకసారి గమనించండి. విత్తనాల కంపెనీ పేరు, పురుగుమందు పేరు, సిమెంటు పేరు. ఎన్నికలొస్తే పార్టీ గుర్తు. ఊరికే వచ్చిన టోపీ కదా అని పెట్టేసుకుంటాం. పత్తి పండించేది మనం, ఎండకు మాడేది మన నెత్తి, దానిమీద ప్రచారం మాత్రం ఇంకెవరిదో. నాకు ఇది ఎప్పుడూ కష్టంగానే తోచేది. మనిషి ఒంటిమీద అందరికీ ముందుగా కనబడే చోటు నుదురు. అక్కడ ఎవరి పేరుండాలో తేల్చుకోవలసింది ఆ మనిషే.

అందుకే క్రికెట్ జట్లు, కాలేజీ బ్యాచీలు, పెళ్లికొడుకు స్నేహితులు సొంత పేర్లతో టోపీలు కుట్టించుకుంటుంటే సంతోషంగా ఉంటుంది. భారత జట్టులో తొలి మ్యాచ్ ఆడే కుర్రాడికి మైదానంలో పెద్ద ఆటగాడి చేతుల మీదుగా టోపీ ఇవ్వడం టీవీలో చూస్తూ పెరిగిన పిల్లలు వీళ్లు. తమ ఊరి జట్టుకీ అలాంటి టోపీ ఉండాలనుకోవడంలో తప్పేముంది? దానికి బెంగళూరో హైదరాబాదో పోనక్కర్లేదు. రాయచూరు తీన్ కందిల్ చుట్టుపక్కల వీధుల్లాంటి ఏ బజారులోనైనా చీరల దుకాణాల మధ్య కంప్యూటర్ వర్క్ బోర్డు కోసం చూడండి. చేయవలసినవాళ్లు అక్కడే ఉంటారు.

జాకెట్టు నుంచి టోపీకి

ఈ మిషన్లు టోపీల కోసం రాలేదు. పెళ్లి జాకెట్ల కోసం వచ్చాయి. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, ఆరీ సూదితో జరీ, పూసలు, కుందన్లు ఒక్కొక్కటిగా ఎక్కించే మగ్గం వర్కు రోజుల తరబడి సాగే చేతిపని. ఆ ఖర్చు అన్ని ఇళ్లకూ అందదు. అందనివాళ్ల కోసం వచ్చిందే కంప్యూటర్ వర్కు. చిన్న ఊళ్లలో ఎక్కువగా ఒకే తల ఉన్న మిషను ఉంటుంది. ఆ తలలో తొమ్మిదో, పన్నెండో, పదిహేనో సూదులు, ఒక్కో సూదికి ఒక్కో రంగు దారం. డిజైను ఫైలు పెన్‌డ్రైవ్‌లో పెట్టి గుచ్చితే ఏ కుట్టు ఎక్కడ పడాలో మిషను చూసుకుంటుంది.

చేతి కుట్టును యంత్రానికి నేర్పాలన్న ఆలోచన పాతదే. ఫ్రాన్సులోని మ్యులూజ్‌లో జోసువే హైల్మన్ 1820ల చివర్లో ఒక యంత్రం తయారుచేశాడు. స్విట్జర్లాండు వాడైన ఇసాక్ గ్రోబ్లి 1863లో షిఫ్లి యంత్రాన్ని రూపొందించాడు. జపాను కంపెనీ తాజిమా 1964లో అనేక తలలతో ఒకేసారి కుట్టే మిషన్లు మొదలుపెట్టింది. నేడు మన బజార్లలో చప్పుడు చేసేవన్నీ ఆ వంశంలోవే. తాజిమా వాళ్ల డీఎస్‌టీ ఫైలు ఈ పనివాళ్లందరికీ ఉమ్మడి భాష అయిపోయింది.

అయితే జాకెట్టు కుట్టే మిషనున్న ప్రతి దుకాణమూ టోపీ కుట్టలేదు. జాకెట్టు గుడ్డ బల్లపరుపుగా ఫ్రేములో బిగుస్తుంది. టోపీ గుండ్రంగా ఉంటుంది. దానికి క్యాప్ ఫ్రేమ్ అని వేరే సామాను కావాలి. అది లేని దుకాణంలో కొందరు టోపీ ముందు భాగాన్ని అణిచి, చదును చేసి మామూలు ఫ్రేములోనే కుట్టేస్తారు. మిషను మీద బాగానే కనిపిస్తుంది. తల మీదికి ఎక్కాక అక్షరాలు పక్కలకు జారిపోయి, గుడ్డ ముడతలు పడి, పెట్టుకోబుద్ధి కాదు. దుకాణంలోకి అడుగు పెట్టగానే "అన్నా, క్యాప్ ఫ్రేమ్ ఉందా?" అని అడగండి. లేదంటే పక్క దుకాణానికి నడవండి.

రెండంగుళాల చోటు

క్యాప్ ఫ్రేములో టోపీ ఎక్కించడం చూడదగ్గ పని. లోపల చెమట పట్టీని బయటికి మడుస్తారు. టోపీని డబ్బాలాంటి చట్రం మీద తొడిగి, లోపల గట్టి పేపరు పెట్టి, ముందు అంచు కుదురు దగ్గర ఉక్కు పట్టీతో బిగిస్తారు. వెనక మిగిలిన గుడ్డను క్లిప్పులతో లాగి పట్టిస్తారు. బొటనవేలితో ముందు భాగం నొక్కి చూస్తారు. వేలి కింద గుడ్డ కదిలిందంటే మళ్లీ మొదటికి. బిగింపు కుదిరాక చట్రాన్ని మిషనుకు తగిలిస్తే, మిషను చెయ్యి టోపీ లోపలికి దూరుతుంది, టోపీ దానిచుట్టూ అటూ ఇటూ తిరుగుతుంది. పైన సూది దిగుతూ లేస్తూ ఉంటుంది. జాకెట్టు మీద పరుగెత్తించే మిషనును టోపీ మీద నెమ్మదిగా నడపాలి. తొందరపెడితే సూది విరుగుతుంది, దారం తెగుతుంది.

ఆరు ముక్కల టోపీకి ముందు నడిమధ్యలో ఒక అతుకు ఉంటుంది. గుడ్డ అక్కడ మడతలు పడి మందంగా ఉంటుంది. అక్షరం సరిగ్గా ఆ అతుకు మీద పడితే కుట్టు పక్కకు జరిగిపోతుంది. పనితెలిసిన ఆపరేటరు అక్షరాల మధ్య సందు అతుకు మీదికి వచ్చేలా సర్దుతాడు. లేదంటే ముందు ఒకే ముక్క ఉండే ఐదు ముక్కల టోపీ తెచ్చుకొమ్మంటాడు. ఇంకొక నియమం ఉంది. కుట్టు మధ్యలో మొదలై రెండు వైపులకూ వెళ్లాలి, అంచు దగ్గర మొదలై పైకి పోవాలి. ప్రతి కుట్టూ గుడ్డను కొంచెం తోస్తుంది. ఎడమ నుంచి కుడికి వరసగా కుట్టుకుంటూ పోతే ఆ తోపుడంతా చివర చేరి గుడ్డ ఉబ్బుతుంది. మధ్య నుంచి వెళితే రెండు పక్కలకూ సర్దుకుంటుంది.

ఇంత చేసినా టోపీ ముందు కుట్టడానికి దొరికే ఎత్తు మహా అయితే రెండుంబావు అంగుళాలు. అంతకు మించితే పై వంపు మొదలవుతుంది, సూది అక్కడికి చక్కగా అందదు. అసలు కథ ఈ రెండంగుళాల దగ్గరే మొదలవుతుంది.

అక్షరం సూదికి లొంగాలంటే

"ఇంగ్లీషులో అయితే సాయంత్రానికి ఇచ్చేస్తా. తెలుగంటే టైము పడుతుందన్నా." ఈ మాట దుకాణాల్లో మామూలుగా వినబడేదే. విన్న కుర్రాళ్లు ఇంగ్లీషు చాల్లే అనేస్తారు. టోర్నమెంటు ఆదివారం ఉంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? కానీ ఆపరేటరు చెప్పింది సాకు కాదు, నిజమే. ఎందుకు టైము పడుతుందో తెలిస్తే ఎలా అడగాలో తెలుస్తుంది.

ఇంగ్లీషు పెద్ద అక్షరం ఒంటి అంతస్తు ఇల్లు. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు, నడుమ ఒళ్లు. మూడింటికీ ఆ రెండంగుళాల్లోనే చోటు చూపాలి. మన జిల్లా ఊళ్ల పేర్లనే తీసుకోండి. "రాయచూరు" అన్న మాటలో ఒక్క వత్తు లేదు, అన్నీ గుండ్రటి అక్షరాలే, టోపీ మీద ఎంత పెద్దదిగా కుట్టినా ముచ్చటగా ఉంటుంది. "సిందనూరు" కూడా సుఖమే. "లింగసూగూరు" పొడుగు తప్ప ఇబ్బంది లేదు. "మాన్వి" దగ్గర వకారం కిందికి దిగుతుంది. "మస్కి", "హట్టి", "దేవదుర్గ" అన్నిటికీ కింద ఒక బరువుంది. "శక్తినగర్"లో తకార వత్తు ఒక్కదాని కోసం మిగతా అక్షరాలన్నీ చిన్నవి కావాలి. వత్తున్న పేరుకు కింద చోటు వదలాలి, ఆ చోటు వదిలితే మాట పైకి జరుగుతుంది, జరిగితే గుడులు వంపు దగ్గరికి వెళ్తాయి.

రెండో చిక్కు దారం లావు. దారానికి లావుంది, సూదికి లావుంది. మిల్లీమీటరు కంటే సన్నగా ఉన్న గీతను నిండుగా కుట్టడం కుదరదు, అది ఒంటి గీతగా మిగిలిపోతుంది. దారం బిగుసుకుంటే గుడ్డ లోపలికి లాక్కుపోతుంది, అక్షరం కడుపులో ఉన్న ఖాళీ మూసుకుపోతుంది. మన అక్షరాల్లో ప్రాణమంతా ఆ ఖాళీల్లోనే ఉంది. ప మీద తలకట్టు విడిగా ఉండాలి. ఆ సందు పూడిపోతే అది వ అయిపోతుంది, పద్మ కాస్తా వద్మ అవుతుంది. ధ కింది చిన్న గీత దారంలో కలిసిపోతే ద మిగులుతుంది. థ, ఠ పొట్టలోని చుక్కలూ అంతే. అచ్చులో తప్పు పడితే మళ్లీ అచ్చేసుకోవచ్చు. కుట్టు తప్పితే విప్పాలి, విప్పిన చోట టోపీకి రంధ్రాలు మిగులుతాయి.

మూడోది కంప్యూటర్ దగ్గరి చిక్కు. డిజైనును కుట్లుగా మార్చే పనిని ఈ వృత్తిలో పంచింగ్ అంటారు. పంచింగ్ సాఫ్ట్‌వేర్లో ఇంగ్లీషు అక్షరాలు సిద్ధంగా ఉంటాయి. పేరు కొడితే కుట్లు వచ్చేస్తాయి. తెలుగుకు ఆ సౌకర్యం తక్కువ. పాత సాఫ్ట్‌వేర్లో తెలుగు కొడితే వత్తు కిందికి దిగక పక్కన నిలబడుతుంది. అందుకని ముందు కోరల్‌డ్రాలో అను ఫాంటుతోనో మరొకదానితోనో మాట రాసి, దాన్ని గీతల బొమ్మగా మార్చి, ఆ బొమ్మ మీద ఒక్కొక్క వంపుకూ కుట్టు ఎటు తిరగాలో చేత్తో గీయాలి. కన్నడానికీ ఇదే దారి, నుడి సాఫ్ట్‌వేర్లో రాసి బొమ్మగా మారుస్తారు. పని తప్పించుకోవాలనుకునే వాళ్లు బొమ్మను సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి దానంతటదే కుట్లు వేయమంటారు. అప్పుడొచ్చేది అక్షరం కాదు, అక్షరం ఆకారంలో ఒక అతుకు.

చేత్తో పంచ్ చేసిన తెలుగు అక్షరాన్ని దగ్గరగా పెట్టుకుని చూడండి. ర గుండ్రాన్ని తీసుకోండి. దారం వంపుతో పాటే తిరుగుతూ అడ్డంగా పడుతుంది. కుట్టు కోణం మారిన కొద్దీ వెలుగు మారుతుంది. పైన తెల్లగా మెరిసే దారం పక్కకు వచ్చేసరికి ముదురుతుంది, కిందికి వెళ్లి మళ్లీ మెరుస్తుంది. తిన్నటి గీతల ఇంగ్లీషు అక్షరానికి ఈ మెరుపు రాదు. దారంతో కుట్టడానికి మన గుండ్రటి అక్షరాలు బాగా కుదురుతాయని నేను నమ్ముతాను. కష్టం పంచింగ్‌లో ఒక్కసారే. ఫైలు తయారయ్యాక వందో టోపీ కూడా మొదటి టోపీలాగే వస్తుంది.

ఫాంటు మీరు ఎంచి తీసుకెళ్లడం మంచిది. సన్నగీత, లావుగీత మారుతూ పోయే పెళ్లిపత్రిక ఫాంట్లు దారానికి పనికిరావు. గీత మందం దాదాపు ఒకేలా ఉండి, పొట్టలు విశాలంగా ఉన్నవి కావాలి. మండలి, ఎన్‌టీఆర్ వంటి తెలుగు ఫాంట్లు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. వాటిని కొంచెం లావు చేసి వాడితే చాలు. ఊళ్లో బోర్డులు రాసే పెయింటరు ఉంటే ఆయన చేత రాయించుకుని ఫొటో తీసి ఇస్తే ఇంకా మంచిది. ఆయన వంపు ఏ ఫాంటులోనూ దొరకదు.

ఇక్కడే ఒక సరిహద్దు జాగ్రత్త కూడా చెప్పాలి. కన్నడ, తెలుగు లిపులు అక్కచెల్లెళ్లు. రాయచూరు అన్న మాట రెండు లిపుల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. కన్నడ ఫైళ్లకు అలవాటు పడిన ఆపరేటరు చేయి తలకట్టు దగ్గర కన్నడం వైపు తిరుగుతుంది. మన తలకట్టు టిక్కుపెట్టినట్టు పైకి లేవాలి. వాళ్లది అడ్డంగా పడుకుంటుంది. స్క్రీన్ మీద ఆ ఒక్కటీ చూసుకోండి.

ఈ నేలకు కొత్తది కాదు

రాయచూరులో తెలుగు అక్షరానికి ఇంత పట్టుబట్టడం ఎందుకు అనేవాళ్లు ఉంటారు. వాళ్లను కోట పడమటి గోడ దగ్గరికి తీసుకెళ్లాలి. కాకతీయుల కాలంలో, 1294లో, వారి అధికారి విఠలనాథుని ఆనతి మీద గోరె గన్నయ రెడ్డి ఆ కోట కట్టించినట్టు చెప్పే శాసనం అక్కడుంది. 41 అడుగుల పైచిలుకు పొడవున్న ఒకే రాయి అది. దానిమీద ఉన్నది తెలుగు. అంత రాయిని బండికెత్తి దున్నలతో లాగించిన దృశ్యాన్ని కూడా గోడ మీద చెక్కారు. ఏడు వందల ఏళ్ల కిందట ఉలికి లొంగిన అక్షరం సూదికి లొంగదా?

టోపీ సంగతికొస్తే, ఈ నేల చూసినంత గొప్ప టోపీలు చూసిన చోట్లు తక్కువ. 1520లో రాయచూరు కోట కోసం ఆదిల్‌షాహీ సేనతో తలపడిన శ్రీకృష్ణదేవరాయలు తలపాగా చుట్టిన రాజు కాదు, కుళ్ళాయి పెట్టిన రాజు. తిరుమలలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలుచున్న ఆయన విగ్రహం చూసినవాళ్లకు తలమీది ఆ పొడవాటి టోపీ గుర్తుండే ఉంటుంది. లేపాక్షి చిత్రాల్లో కొలువుదీరిన పెద్దమనుషులదీ అదే తీరు. విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయస్, రాయలు బంగారు గులాబీలు కుట్టిన తెల్లబట్టలు, జరీ టోపీ ధరించాడని రాశాడు. తర్వాత వచ్చిన నూనిజ్ అయితే ఆ టోపీ పేరు కూడా చెవిన పడ్డట్టే రాసుకున్నాడు. ఒక్కో టోపీ ఖరీదు ఇరవై క్రూజాడోలని, రాజు ఒకసారి తలమీది నుంచి తీసిన టోపీని మళ్లీ పెట్టడని చెప్పాడు. అంతకు నూరేళ్ల ముందు ప్రౌఢదేవరాయల కొలువుకు వెళ్లిన శ్రీనాథుడికి కుళ్ళాయి పెట్టుకోక తప్పలేదని, ఆ అవస్థను కన్నడ రాజ్యలక్ష్మికి మొరపెట్టుకున్నాడని ఆయన పేర ఒక చాటువు ఉంది. తెలుగు కవి, కన్నడ కొలువు, నెత్తిన టోపీ. ఈ సరిహద్దు కథ అప్పటినుంచీ ఉన్నదే.

రాజులను పక్కన పెడితే ఇళ్లలో జరిగిన పని ఇంకా ముచ్చటైనది. ఉత్తర కర్ణాటకలో కసూతి కుట్టు ఇలకల్లు చీరలకే పరిమితం కాలేదు. పసిపిల్లల నెత్తిన పెట్టే కులావికి, తలనుంచి వీపు మీదికి దిగే కుంచికి అమ్మమ్మలు కసూతి కుట్టేవాళ్లు. ఇలకల్లు ఊరు బాగలకోటె జిల్లాలో ఉన్నా, మన ముద్గల్లుకు దగ్గరే. కసూతిలో గవంతి, మురిగి, నెయిగె, మెంతి అని నాలుగు కుట్లు. గుడ్డమీద ముందుగా గీత గీయరు. పోగులు లెక్కపెట్టుకుంటూ కుడతారు. ముడి వేయరు. గవంతి, మురిగి కుట్లు వెనకా ముందూ ఒకేలా కనిపిస్తాయి. గోపురం, రథం, తులసికోట, ఏనుగు, నెమలి ఆ కుట్టుకు ఇష్టమైన బొమ్మలు. కసూతికి భౌగోళిక గుర్తింపు ఉంది. పక్క బళ్లారి జిల్లా సండూరు లంబాడీ కుట్టుకూ ఉంది. 2023 జులైలో హంపిలో జీ20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాడీ మహిళలు కుట్టిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డుకెక్కింది. అద్దం చుట్టూ దారం తిప్పే ఆ చేతులు మన తాండాల్లోనూ ఉన్నాయి.

మిషను టోపీ పక్కన ఈ చేతిపనిని మరిచిపోవద్దనే ఇదంతా చెప్పడం. యాభై టోపీల జట్టుకు మిషను కావాలి. మనవడి తొలి పుట్టినరోజుకు ఒక్క కులావి కావాలంటే మాత్రం మిషను దగ్గరికి పోకండి. చేతికుట్టు తెలిసిన అవ్వను వెతకండి, ఆమె అడిగినంత ఇవ్వండి.

క్యాంపు పిల్లల అక్షరం

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయి, ఎడమ కాలువ నీళ్లు పారాక, కోస్తా జిల్లాల నుంచి రైతు కుటుంబాలు వచ్చి సిందనూరు, మాన్వి చుట్టూ క్యాంపులు వేసుకున్నాయి. రాయచూరు పట్నంలో తెలుగు అంతకంటే ఎంతో పాతది. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసేదాకా ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోదే. ఈ రెండు తెలుగులూ ఇప్పుడు ఒకే బజారులో తిరుగుతాయి. ఇళ్లలో తెలుగు మాట వినబడుతుంది, పిల్లల చదువు కన్నడంలోనో ఇంగ్లీషులోనో సాగుతుంది. కన్నడం నేర్వడం న్యాయమూ అవసరమూ. కానీ మాట వచ్చి అక్షరం రాని పిల్లలు పెరుగుతున్నారు. తమ క్యాంపు పేరు తెలుగులో ఎలా రాస్తారో తెలియని కుర్రవాడికి ఆ పేరు సొంత టోపీ మీద రోజూ కనిపిస్తే, నాలుగు రోజుల్లో చదవడం వచ్చేస్తుంది.

కన్నడంతో పోటీ పెట్టుకోమని కాదు. టోపీకి ముందు భాగమే కాదు, రెండు పక్కలు కూడా ఉన్నాయి. ముందు కన్నడంలో జట్టు పేరు, పక్కన తెలుగులో ఊరి పేరు కుట్టించవచ్చు. కొందరు అటుదిటు చేస్తారు, అదీ బాగుంటుంది. వెనక పట్టీ పైన వంపులో మాత్రం తెలుగు పెట్టకండి. అక్కడ చోటు చాలక వత్తులు నలిగిపోతాయి.

అడగవలసినవి అడిగి తెచ్చుకోండి

మొదట వేళ. మాఘంలో, వైశాఖంలో, శ్రావణంలో పెళ్లి జాకెట్లతో ఈ దుకాణాలకు ఊపిరాడదు. అప్పుడు టోపీలంటే ఎవరికీ ఓపిక ఉండదు. ముహూర్తాలు లేని ఆషాఢంలో వెళ్లండి. ఆపరేటరు కూర్చోబెట్టి మాట్లాడతాడు, మీ అక్షరం మీద మనసు పెడతాడు.

ధర కుట్ల లెక్కన కడతారు, వెయ్యి కుట్లకు ఇంత అని. పంచింగ్‌కు వేరే తీసుకుంటారు. ఆ డబ్బు దగ్గర బేరమాడకండి, అదే అసలైన పనితనం. మిషను అందరి దగ్గరా ఒకటే, చేయి ఒకటి కాదు. టోపీలు బయటినుంచి తెచ్చి ఉంచుతారు. మీరే కొని తీసుకెళ్లేటట్టయితే ముందు భాగంలో గట్టి గుడ్డ ఉన్నవి, నూలు ట్విల్లువి తీసుకోండి. మెత్తగా కూలబడే టోపీ మీద తెలుగు నిలవదు. దారం పాలిస్టరుదే కావాలనండి. విస్కోసు దారం మెరుపు ఎక్కువ కానీ, మన ఎండకూ చెమటకూ ఉతుకుకూ పాలిస్టరే తట్టుకుంటుంది.

అన్ని టోపీలూ కుట్టకముందు ఒక పాతగుడ్డ మీద నమూనా కుట్టించి చూడండి. ఇంట్లో తెలుగు చదవడం వచ్చిన పెద్దవాళ్లకు చూపించి చదవమనండి. వాళ్లు తడబడకుండా చదివితే సరిపోయినట్టు. తర్వాత గుడ్డ తిప్పి వెనక చూడండి. అక్షరం గీత వెనక నడుమ మూడో వంతు తెల్ల బాబిన్ దారం, రెండు పక్కల పై దారం రంగు కనిపిస్తే బిగింపు సరిగ్గా ఉన్నట్టే. పైన తెల్లదారం తొంగిచూస్తుంటే సరిచేయమనండి. మర్యాదగా అడిగితే ఏ పనివాడూ కాదనడు.

చివరగా ఫైలు. పంచింగ్‌కు డబ్బిచ్చారు కాబట్టి డీఎస్‌టీ ఫైలు మీకూ ఇవ్వమని ముందే మాట్లాడుకోండి. ఆ ఫైలులో కుట్లుంటాయి కానీ దారం రంగులు ఉండవు. ఏ భాగానికి ఏ రంగో ఒక కాగితం మీద రాయించుకుని ఫైలుతో పాటు దాచండి. వచ్చే ఏడాది కొత్త కుర్రాళ్లు జట్టులో చేరితే మళ్లీ పంచింగ్ ఖర్చు ఉండదు.

మీ క్యాంపు పేరు, మీ ఊరి పేరు, మీ బడి పేరు తెలుగులో ఒకసారి చక్కగా పంచ్ చేయించి పెట్టుకోండి. పక్క ఊరి జట్టు అడిగితే దుకాణం పేరు చెప్పండి, ఆపరేటరు పేరు చెప్పండి. ఈ ఆషాఢంలో దుకాణానికి వెళ్లి "తెలుగులో కావాలి, టైము తీసుకో అన్నా" అనండి. ఆయనకు పని దొరుకుతుంది, మీ తలమీదికి మీ పేరు వస్తుంది.